పక్కింటి అక్క కడిగిన బోటి

నా చిన్నప్పుడు మా పాళెంలో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. అలాంటిదొకటి ఇంటికి కావాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. చిట్టమూరు దాటి ఇంకా తూర్పుకు, ఇసుక తప్ప దారంటూ లేని చోటికి పోతే వచ్చే సముద్రపు ఒడ్డు మాది. తెల్లవారకముందే మా అమ్మ, పిన్నమ్మలు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కలిసి ఒడ్డున దక్షిణంగా నడిచేవాళ్ళు. మగవాళ్ళది ఉత్తరం వైపు. ఆ హద్దు ఎవరు పెట్టారో గానీ తాగి తూలేవాడు కూడా దాన్ని దాటేవాడు కాదు. తడి ఇసుకలో వరసగా కూర్చుని, నిన్న ఎవరి వలలో ఏం పడింది, ఎవరి కోడలు ఎందుకు అలిగింది అని మాట్లాడుకుంటూ పని కానిచ్చేవాళ్ళం. ఆ తర్వాత నీళ్ళలోకి దిగి కడుక్కుంటే సరి. ఒక అల వచ్చి అంతా తీసుకుపోయేది. చెంబు మోసుకుపోవడం, నీళ్ళు పోయడం మాకు అలవాటు లేని పనులు.

ఇంత వివరంగా రాస్తుంటే ఈ వయసులో కూడా నా ముఖం వేడెక్కుతోంది. మా అబ్బాయి చూస్తే ఇవన్నీ ఎందుకమ్మా అంటాడు. అయినా రాస్తాను. ఈ విషయంలో సిగ్గుపడి నోరు మూసుకున్నందుకే నా చదువు ఆరో తరగతిలో ఆగిపోబోయింది.

మా పాళెంలో బడి అయిదో తరగతి వరకే. ఆపైన చదవాలంటే నాయుడుపేట పోవాలి. అక్కడ మా పెద్దమ్మ ఉండేది. పెదనాన్న బజారులో ఎండుచేపల వ్యాపారం చేసేవాడు. ఆడపిల్లను ఊరు దాటించి చదివించడమేమిటని మా నాన్న ససేమిరా అన్నాడు. అమ్మ అడిగి, అలిగి, అన్నం మానేసి చివరికి ఒప్పించింది. ఒప్పుకున్నాడే గానీ, ఏ కొంచెం తేడా వచ్చినా తెచ్చి ఇంట్లో కూర్చోబెడతానని ముందే చెప్పాడు. శనివారం బడి వదలగానే బస్సెక్కి, అది ఆగిన చోటి నుంచి ఇసుకలో నడిచి ఊరికి రావడం, సోమవారం మొదటి బస్సుకు తిరిగి పోవడం అని ఏర్పాటు.

పెద్దమ్మ ఇంటి వెనక చిన్న వాకిలి, దాని మూలన రేకు తలుపుతో ఒక మరుగుదొడ్డి ఉండేది. నేను వెళ్ళిన మొదటి రోజు పొద్దున పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచే చెయ్యి చూపించి, అక్కడికి పో అంది. వెళ్ళాను. పైన కప్పు, చుట్టూ గోడలు, కింద సిమెంటు. మా ఊళ్ళో కప్పు ఉందంటే దాని కింద వంట చేస్తారు, పడుకుంటారు, దేవుడి పటం పెడతారు. కప్పు కింద ఈ పని చేయడం నాకు చాలా తప్పుగా అనిపించింది. ఎలాగో కానిచ్చి, తొట్టిలో నీళ్ళతో కడుక్కుని బయటికి వచ్చేశాను. అంతే. లోపల నీళ్ళు పోయాలని నాకు తెలియదు. మా ఊళ్ళో ఆ పని సముద్రానిది.

నా వెనకే మా పెద్దమ్మ పెద్ద కొడుకు లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ముక్కు పట్టుకుని బయటికి ఉరికి, పక్కింటి వాళ్ళకు కూడా వినబడేలా వాళ్ళమ్మను పిలిచాడు. పెద్దమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. బకెట్ నిండా నీళ్ళు పట్టి తానే పోసేసి, నవ్వుతూ అంది.

"సముద్రం కాడి పిల్ల గదరా. అల వస్తాదని చూసుంటాది."

అందరూ నవ్వారు. ఎప్పుడూ నవ్వని పెదనాన్న కూడా నవ్వాడు. వాళ్ళ నవ్వులో చెడు ఏమీ లేదని ఈ రోజు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం కాళ్ళ కింద నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలి.

ఆ తర్వాత ఆ రేకు తలుపు నేను ముట్టుకోలేదు. బడికి తొందరగా పోతున్నానని చెప్పి, ఏటి ఒడ్డున చిల్లకంప ముళ్ళపొదల చాటుకు వెళ్ళేదాన్ని. నాయుడుపేట ఏటిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుక చూస్తే నాకు ఊరు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చేది. కొన్ని రోజులు అక్కడ ఎవరైనా మగవాళ్ళు కనబడితే తిరిగి వచ్చేసి, శనివారం ఎప్పుడొస్తుందా అని కడుపు పట్టుకుని కూర్చునేదాన్ని. దాహమైనా నీళ్ళు తాగేదాన్ని కాదు. తాగకపోతే పోవలసిన పని ఉండదు గదా అని నా లెక్క. పదకొండేళ్ళ పిల్ల తెలివి అంతవరకే.

కార్తీకంలో తుపాను పట్టింది. ఏరు ఒడ్డులు కలిపి పారింది. చిల్లకంపలన్నీ నీళ్ళలో మునిగిపోయాయి. మా ఊరి దారిలో రోడ్డు తెగిందని బస్సులు ఆపేశారు. శనివారం వచ్చింది, పోయింది. నాకు ఏరూ లేదు, ఊరూ లేదు. మిగిలింది ఆ రేకు తలుపు ఒక్కటే. దాని ఎదురుగా వసారాలో వాన వల్ల బయటికి పోలేని పెదనాన్న, అన్నలిద్దరూ రేడియో పెట్టుకుని పగలంతా కూర్చునేవాళ్ళు. చేతిలో బకెట్ పట్టుకుని వాళ్ళ ముందు నుంచి నడవడమంటే, నేను ఎక్కడికి పోతున్నానో దండోరా వేయించినట్టే. నడవలేకపోయాను.

కడుపు గట్టిపడింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే వికారం. పెదాలు పగిలాయి. ఒంటికి పోతే మంట, అది కూడా చీకటి పడ్డాక గోడ పక్కన దొంగతనంగా. పెద్దమ్మ కంగారు పడింది. చెల్లెలి బిడ్డకు సరిగా తిండి పెట్టలేదన్న మాట వస్తుందేమోనని ఆమె భయం. దాంతో ఇంకా ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది. వేడన్నం, నెయ్యి, వేయించిన చేప, పక్కన కూర్చుని తిను తిను అని బతిమాలడం. నేను తినేదాన్ని. పైనుంచి పోతోంది, కిందికి రావడం లేదు, ఆ మాట మాత్రం నా నోటి నుంచి రాలేదు. దిష్టి తీసింది. వాము నమిలించింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి, ఏందమ్మా నీ బాధ అని అడిగినప్పుడు ఏడ్చాను గానీ చెప్పలేదు.

చివరికి ఒక పొద్దున వాంతి చేసుకున్నాను. పెదనాన్న, పెద్దమ్మ లోపల మాట్లాడుకోవడం విన్నాను. ఈ పిల్లకు ఈ ఊరు పడలేదు, బస్సు నడవగానే దింపి వచ్చేద్దాం, మనకెందుకు మాట అని. మా నాన్న అన్న తేడా ఇదే గదా. ఇక తిరిగి పంపడు. ఒక్క మాట చెబితే చదువు నిలుస్తుంది, ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రావడం లేదు. చదువు పోయినా సరే చెప్పను అనుకున్నానంటే, ఎంత సిగ్గో చూడండి.

ఆ మరుసటి రోజు బక్రీదు. వాన తెరిపిచ్చింది. మా పెద్దమ్మ ఇంటికి గోడ అవతల ఒక సాయిబుల కుటుంబం ఉండేది. వాళ్ళ మగవాళ్ళు పరుపులు కుట్టేవాళ్ళు. ఆ ఇంటి పెద్ద కోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. జుట్టులో ఎప్పుడూ దూది పీచులు అంటుకుని ఉండేవి. ఆమె గోడ మీద నుంచి తొంగి చూసి, బోటి కడగాలి, నీళ్ళు పోయడానికి చెయ్యి సాయం లేదు, పాపను పంపమని పెద్దమ్మను అడిగింది. దానికి ఒంట్లో బాగాలేదని పెద్దమ్మ అంటే, కూర్చుని చెంబుతో నీళ్ళు పొయ్యడానికి ఒళ్ళెందుకు, చెయ్యి చాలులే అంది.

వెళ్ళాను. వాళ్ళ మగవాళ్ళందరూ మాంసం వంతులు పట్టుకుని చుట్టాల ఇళ్ళకూ, లేనివాళ్ళ ఇళ్ళకూ పంచడానికి పోయారు. వాకిట్లో అక్క ఒక్కతే. ముందు నా చేతికి పెద్ద గ్లాసు టీ ఇచ్చింది. నోటి దగ్గర పెట్టుకోగానే ఆముదం వాసన. ఆమె ముఖం చూశాను. ఆమె నా వైపు చూడకుండా కత్తి నూరుకుంటోంది. పండుగ పూట ఒకరింటికి వచ్చి ఇచ్చిన టీ వద్దనడానికి కూడా నాకు సిగ్గే. ఆ సిగ్గుతోనే గ్లాసు ఖాళీ చేశాను. దాని వెనకే ఉప్పు, నిమ్మకాయ కలిపిన వేడి నీళ్ళు ఇచ్చింది. అదీ తాగాను. నేను సిగ్గుపడని పని ఆ రోజుల్లో ఒక్కటీ లేదు, అది ఆమెకు బాగా తెలిసినట్టుంది.

తర్వాత సత్తు బేసిన్ ముందుకు లాగింది. అందులో మేక లోపలి సరంజామా అంతా ఉంది. నేను చేపల పిల్లను, పేగులకు బెదిరేదాన్ని కాదు. కానీ చేప పేగులు గోటితో లాగి పారేస్తాం. ఇలా ఒక్కొక్కటీ విప్పి, తిప్పి చూడడం నాకు కొత్త. ఆమె కోసేకొద్దీ నేను నీళ్ళు పోస్తూ ఉన్నాను. ఆమె తనలో తాను మాట్లాడుకున్నట్టు చెబుతూ పోయింది. ఇదిగో ఇది పొట్ట, లోపల తువ్వాలులాగా గరుకుగా ఉంది చూడు, తిన్న ఆకు ఇక్కడ నానుతుంది. ఇది కార్జం, దాని కింద పచ్చటి తిత్తి, ఇది పగిలితే మీ చేపలో లాగే కూరంతా చేదు. ఇవి రెండూ నీళ్ళు వడగట్టేవి. వడగట్టిన చెడ్డ నీళ్ళు ఈ బుడ్డలోకి దిగుతాయి. ఎర్రగా నాలుక లాంటిదొకటి చూపించి, ఇది ఎందుకుందో మాత్రం నాకూ తెలియదు, వండితే బాగుంటుంది అంది. నాకు నవ్వొచ్చింది. ఎన్ని రోజుల తర్వాతో వచ్చిన నవ్వు అది.

అప్పుడు పేగు పట్టుకుంది. లాగేకొద్దీ వస్తూనే ఉంది. ఇంత చిన్న మేకలో అంత పొడవు ఎక్కడ దాక్కుందో నాకు అర్థం కాలేదు. పైభాగంలో వేళ్ళతో నొక్కితే చిక్కటి పాల లాంటిది కారింది. తిన్నదాంట్లో సారమంతా ఇక్కడే రక్తంలోకి పోతుందని చెప్పింది. ఇంకా కిందికి వచ్చేసరికి పచ్చగా, జావగా ఉంది. ఇంకొంచెం కిందికి వస్తే పేగు లోపల గుండ్రటి పెంటికలు, దారానికి గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని బయటికి తీసి రాతి మీద వేసింది. టక్కుమంది.

"పైన జావ గదా. ఇక్కడికొచ్చేసరికి ఇట్ట ఎందుకయింది? ఈ పేగుకి ఎప్పుడూ దాహమే పాపా. నువ్వు నీళ్ళు తాగకపోతే లోపల ఉండేదాంట్లో నుంచే పీల్చుకుంటాది. బయటికి పోనియ్యకపోతే ఇంకా పీలుస్తాది. అప్పుడు రాయే."

నేను తల వంచుకుని ఇంకో చెంబు నీళ్ళు పోశాను. ఆమె నన్ను ఏమీ అడగలేదు. మేకకు ఈ కష్టం లేదు, నడుస్తూనే వేసేస్తుంది, ఎవరు చూసినా దానికి లెక్కలేదు, మనుషులకే ఈ గోలంతా అని నవ్వి, పేగును పుల్ల మీద తిరగవేస్తూ తన సంగతి మొదలుపెట్టింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లో మామ, నలుగురు మరుదులు. దూది ఏకుతూ అందరూ వాకిట్లోనే ఉండేవాళ్ళు. వాళ్ళ ముందు నుంచి పోలేక ఈమె కూడా బిగబట్టుకుని కూర్చుంది. నీళ్ళు మానేసింది. చలిజ్వరం వచ్చింది. చివరికి నెల్లూరు తీసుకుపోతే, డాక్టరు మామగారి ఎదుటే పెద్ద గొంతుతో, ఎన్ని రోజులయిందమ్మా విరేచనమై అని అడిగాడట. ఏ మాట ఇంట్లో ఎవరికీ తెలియకూడదని చచ్చేంత పని చేసిందో, ఆ మాట వరసలో కూర్చున్న రోగులందరూ విన్నారు.

"ఆ రోజు చచ్చిపోదామనుకున్నా. మా మామ ఏమన్నాడో తెలుసా? ఇంతేనా తల్లీ, నేనింకా క్షయ అనుకుని ఏడస్తా ఉండానే అన్నాడు."

ఆమె నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఇంత పెద్ద మనిషి, ఇంత గొంతున్న మనిషి, నాలాగే గోడ పక్కన కూర్చుని భయపడిందా అని. ఏడుస్తూనే, అక్కా, నాకూ అంతే అన్నాను. ఆ రెండు మాటలకే నాకు చెమటలు పట్టాయి. తెలుసులే, నువ్వు వంగి నడిచేది గోడ మీద నుంచి కనబడతా ఉందిలే అంది.

ఆ లోపల టీ తన పని మొదలుపెట్టింది. కడుపులో మెలి తిరిగి నేను బేసిన్ అంచు పట్టుకున్నాను. అక్క లేచి, చేతులు కడుక్కుని, తానే బకెట్ నింపి వాళ్ళ మరుగుదొడ్లో పెట్టి వచ్చింది. ముందు కొన్ని నీళ్ళు పొయ్యి, పనయినాక మిగిలినవన్నీ ఒక్కసారిగా పొయ్యి, అల కొట్టినట్టు పొయ్యి అని చెప్పింది. అప్పుడు తెలిసింది, మొదటి రోజు పెద్దమ్మ ఇంట్లో నవ్విన నవ్వు గోడ ఇవతల ఈమె కూడా విన్నదని. నా సిగ్గు అంతా ఇంతా కాదు. కానీ నిలబడి సిగ్గుపడే వీలు లేదు, పరుగెత్తాను.

లోపల కూర్చున్నాను. కడుపు చించుకుపోతోంది గానీ కప్పు కింద, గోడల మధ్య, ఆ నిశ్శబ్దంలో నా ఒళ్ళు మొరాయించింది. అప్పుడు తలుపు అవతల నుంచి అక్క మాట్లాడడం మొదలుపెట్టింది. నాతో కాదు, నా గురించి అసలే కాదు. చిన్న మరిది పెళ్ళి చూపులకు పోయి ఏం వాగాడో, పోయిన పండక్కి ఎవరింటికి ఎంత మాంసం పంపితే వాళ్ళు ఎలా మూతి తిప్పారో, పరుపు కుట్టించుకుని ఎగ్గొట్టినవాళ్ళ వంశాలు ఎలాంటివో. గట్టిగా, ఆపకుండా, మధ్యమధ్య ఔనా కాదా అని అడుగుతూ. ఆమెకు మా ఒడ్డు సంగతి తెలియదు. మా ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఇలాగే మాట్లాడుకుంటారని నేనెప్పుడూ చెప్పలేదు. నేను కళ్ళు మూసుకుని ఔనక్కా, ఔనక్కా అన్నాను. నొప్పి పుట్టింది, ప్రాణం పోతుందనుకున్నాను, కేక కూడా పెట్టానేమో. ఆ కేక మీదుగా ఆమె మాట్లాడుతూనే ఉంది. చాలాసేపటికి నా కడుపు ఖాళీ అయింది.

నీళ్ళు ఒక్కసారిగా పోసి బయటికి వచ్చాను. ఆమె నా వైపు చూడలేదు. బోటికి పసుపు రాస్తూ, వచ్చి కూర్చో, ఇంకా సగం మిగిలి ఉంది అంది.

మా పెద్దమ్మకు ఆమె ఏమీ చెప్పలేదు. దూది ఏరడానికి చేతులు చాలడం లేదు, బడికి ముందు కాసేపు పాపను పంపమని మాత్రం అడిగింది. అలా కొన్నాళ్ళు రోజూ పొద్దున దూది ఏరే పేరుతో గోడ దాటి వెళ్ళేదాన్ని. ముందు చెంబెడు వేడి నీళ్ళు, తర్వాత ఆ దొడ్డి, అవతల అక్క మాటలు. నా ముఖం తేరుకుంది. బస్సులు నడిచాయి, కానీ నన్ను దింపి వచ్చే మాట పెదనాన్న మళ్ళీ ఎత్తలేదు. ఈ పిల్లకు తన చేతి తిండి వంటబట్టిందని పెద్దమ్మ సంబరపడింది.

ఒక పొద్దున మామూలుగా వెళితే అక్క వాకిట్లోనే అడ్డం నిలబడింది. ఇంక మీ ఇంట్లోకే పొమ్మంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది.

"బతుకంతా నా గోడ దూకతావా? నీ కడుపు నీకాడే ఉంటాది గదా. బకెట్ పట్టుకో, పో. సిగ్గయితే అవతాది. సిగ్గుపడతానే పో."

పోయాను. బకెట్ నింపుకుని, వసారా ముందు నుంచి నడిచాను. నీళ్ళు తొణికి పాదాల మీద పడ్డాయి. చెవులు మండిపోయాయి. మొదటి రోజు ముక్కు పట్టుకుని ఉరికిన పెద్దన్న తల ఎత్తి చూసి, మళ్ళీ రేడియో తిప్పుకోవడంలో పడిపోయాడు. నేను ఎక్కడికి పోతున్నానో ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

సిగ్గు ఆ రోజుతో పోయిందని రాస్తే కథ బాగుంటుంది గానీ అది అబద్ధం. చదువు పూర్తి చేసి, ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏటా ఒడ్డు పాళెంల నుంచి, మా వైపు ఉన్న సరస్సు పక్క ఊళ్ళ నుంచి కొత్త పిల్లలు వచ్చేవాళ్ళు. వచ్చిన సాయంత్రమే వాళ్ళను కూర్చోబెట్టి, నేను నీళ్ళు పోయకుండా వచ్చేసిన సంగతి, మా అన్న ముక్కు పట్టుకుని ఉరికిన సంగతి చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ముఖం వేడెక్కేది. వంటమనిషి చీర చెంగు నోట్లో కుక్కుకునేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు.

నవ్వని పిల్ల ఎవరా అని చూసేదాన్ని. ప్రతి ఏడూ ఒకతె ఉండేది, తల వంచుకుని, గోళ్ళు చూసుకుంటూ. మరునాడు పొద్దున ఆ పిల్ల చేతికి ఒక బకెట్ ఇచ్చి, నేనొకటి పట్టుకుని, అందరి ముందు నుంచీ ఆమెతో కలిసి నడిచేదాన్ని. ఆ పిల్ల లోపలికి వెళ్ళాక తలుపు ఇవతల నిలబడి, తోచిందల్లా గట్టిగా మాట్లాడేదాన్ని.